గ్రహం, ఉపగ్రహం: ఒక లక్షణ విచారం

గ్రహం సూర్యుడి చుట్టూ తిరుగుతుంది. ఉపగ్రహం గ్రహం చుట్టూ తిరుగుతుంది. బడిలో ఖగోళ పాఠం ఈ రెండు వాక్యాలతోనే మొదలవుతుంది. ఈ లెక్కన భూమి గ్రహం, చంద్రుడు ఉపగ్రహం. నవగ్రహ స్తోత్రం చదివే ఇంట్లో మాత్రం చంద్రుడు సూర్యుడి తర్వాత రెండో గ్రహం. భూమికి ఆ తొమ్మిదిలో చోటే లేదు. ఒకే పిల్లవాడు ఇంట్లో ఒక లెక్క, బడిలో ఇంకో లెక్క నేర్చుకుంటాడు. రెండూ నిజమేనా అని అడిగితే పెద్దలు చాలాసార్లు మాట దాటవేస్తారు. నిజానికి ఇది నిలబడి జవాబు చెప్పవలసిన ప్రశ్న. ఒక వస్తువును 'ఇది ఫలానా' అని నిర్ణయించేది దాని స్వభావమా, మరొకదానితో దానికున్న సంబంధమా అన్న పాత తత్త్వ విచారం ఇందులో ఉంది. ఒకరిపై ఆధారపడి ఉండటం తక్కువతనమా అన్న మతపరమైన ప్రశ్న కూడా దీని వెంటే వస్తుంది.

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలో ఈ రెండు లెక్కలూ గుడి మెట్ల మీదే ఎదురవుతాయి. నంద్యాల నవనందుల్లో ప్రథమనంది, నాగనంది, సోమనంది పట్టణంలోనే ఉన్నాయి. సూర్యనంది, శివనంది, కృష్ణనంది మహానంది దిక్కున, నల్లమల అంచు పల్లెల్లో ఉన్నాయి. మహానందితో పాటు వినాయకనంది, గరుడనంది కలిసి తొమ్మిది. కార్తీక సోమవారం నాడు పొద్దు పొడిచింది మొదలు పొద్దుగూకేలోగా తొమ్మిదింటినీ దర్శించుకోవడం ఇక్కడి వాడుక. స్థలకథ ప్రకారం సోమనందిలో శివుణ్ణి కొలిచినవాడు చంద్రుడు, సూర్యనందిలో కొలిచినవాడు సూర్యుడు. ఇద్దరూ ఇక్కడ శివభక్తులే; చెరొక నంది ఇద్దరికీ సమానంగా దక్కింది. ఒకరి వెలుగు రెండోవారి నుంచి వచ్చిందన్న తేడాను స్థలకథ పట్టించుకోదు.

ఆళ్లగడ్డకు పాతిక కిలోమీటర్ల దూరంలోని అహోబిలంలో లెక్క ఇంకా స్పష్టం. దిగువ అహోబిలం, ఎగువ అహోబిలం, వాటి చుట్టూ నల్లమల అడవిలో తొమ్మిది నారసింహ సన్నిధులు ఉన్నాయి. ఒక్కొక్క నారసింహుడికి ఒక్కొక్క గ్రహంతో సంబంధం చెబుతారు. ప్రచారంలో ఉన్న జాబితాలో భార్గవ నారసింహుడికి సూర్యుడు, కారంజ నారసింహుడికి చంద్రుడు, జ్వాలా నారసింహుడికి కుజుడు, పావన నారసింహుడికి బుధుడు, అహోబిల నారసింహుడికి గురుడు, మాలోల నారసింహుడికి శుక్రుడు, యోగానంద నారసింహుడికి శని, క్రోడ నారసింహుడికి రాహువు, ఛత్రవట నారసింహుడికి కేతువు. చంద్రుడి బాధ తీరాలని వచ్చినవారు ఎగువ అహోబిలం దారిలో కానుగ చెట్టు పేరు మోసే కారంజ నారసింహుణ్ణి దర్శిస్తారు. ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. శివాలయాల్లో నవగ్రహ మండపం మామూలు. వైష్ణవాలయాల్లో సాధారణంగా ఉండదు. గ్రహాన్ని విడిగా పూజించకుండా, ఆ గ్రహాన్ని ఏలే స్వామిని ఆశ్రయించడం వైష్ణవ పద్ధతి. అహోబిలంలోని తొమ్మిది సన్నిధులు ఆ పద్ధతికి రాతిలో కట్టిన రూపాలు. అందువల్ల అక్కడ చంద్రుడు గ్రహమే అయినా స్వతంత్రుడు కాడు, సూర్యుడూ కాడు. ఈ మాట చివర్లో మళ్లీ అవసరమవుతుంది.

ముందుగా సిద్ధాంత గ్రంథాలు గ్రహాలను లెక్కించిన తీరు చూడాలి. రాత్రి ఆకాశంలో చుక్కలు ఒకదానికొకటి ఎడం మారకుండా అన్నీ కలిసి తూర్పు నుంచి పడమరకు జరుగుతాయి. ఏడు జ్యోతులు మాత్రం ఆ చుక్కల మధ్య చోటు మారుస్తూ పోతాయి: సూర్యుడు, చంద్రుడు, కుజుడు, బుధుడు, గురుడు, శుక్రుడు, శని. ఆ చలనమే వాటిని వేరుచేసే గుర్తు. ఈ గుర్తు ప్రకారం గ్రహమనిపించుకోవడానికి శనికి ఎంత హక్కుందో చంద్రుడికీ అంతే ఉంది. చంద్రుడికే ఎక్కువ ఉందన్నా తప్పులేదు. శని రాశిచక్రాన్ని ఒకసారి చుట్టడానికి సుమారు 29న్నర ఏళ్లు తీసుకుంటే, చంద్రుడు 27 రోజుల చిల్లరలో చుట్టేస్తాడు. ఆ ఇరవై ఏడు రోజుల మజిలీలే 27 నక్షత్రాలు. సూర్యుడికీ చంద్రుడికీ మధ్య దూరం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి. పంచాంగంలోంచి చంద్రుణ్ణి తీసేస్తే తిథి పోతుంది, నక్షత్రం పోతుంది, మాసం పోతుంది. చైత్ర శుద్ధ పాడ్యమి లేక ఉగాదీ పోతుంది. తెలుగువారి కాలగణనలో ఇంత పనిచేసే జ్యోతిని తొమ్మిదిలోంచి దించడానికి సిద్ధాంతకర్తలకు ఏ కారణమూ కనిపించలేదు. ఎందుకు కనిపించాలి? వాళ్లు లెక్కిస్తున్నది చలించే జ్యోతులను.

రాహుకేతువుల సంగతి ఇంతకంటే లోతైనది. పురాణంలో వాళ్లు అమృతం కోసం దేవతల పంక్తిలో చేరి తల తెగిన అసురుడి రెండు భాగాలు. గణితంలో వాళ్లు రెండు బిందువులు. భూమి చుట్టూ చంద్రుడు తిరిగే తలం సూర్యుడు నడిచినట్టు కనిపించే తలానికి సుమారు 5 డిగ్రీలు వాలి ఉంటుంది. ఆ రెండూ ఒకదాన్నొకటి కోసుకునే చోట్లే రాహువు, కేతువు. అవి వెనక్కి జరుగుతూ 18.6 ఏళ్లకు ఒక చుట్టు పూర్తిచేస్తాయి. అమావాస్య గానీ పున్నమి గానీ ఆ బిందువుల దగ్గర పడినప్పుడే గ్రహణం. భూమి నీడ చంద్రుణ్ణి కప్పడం వల్ల చంద్రగ్రహణం, చంద్రుడు సూర్యుణ్ణి కప్పడం వల్ల సూర్యగ్రహణం వస్తాయని ఆర్యభటుడు 499 నాటి ఆర్యభటీయంలో చెప్పాడు. అసురుడు మింగడం వల్ల గ్రహణం వస్తుందన్న వాదాన్ని వరాహమిహిరుడు బృహత్సంహితలో ఖండించాడు. అంత తెలిసిన తర్వాత కూడా రాహుకేతువులు తొమ్మిదిలో నిలిచారు. బరువూ రూపమూ వెలుగూ ఏమీ లేని రెండు బిందువులకు గ్రహస్థానం ఇచ్చిన జాబితా ముద్దల జాబితా కాదని దీన్నిబట్టే తెలుస్తుంది. తొమ్మిదింటిలో రెండు కేవలం సంబంధాలు. రెండు దారుల కలయికకు పెట్టిన స్థానాలు.

పడమటి దేశాల్లోనూ గ్రహానికి పాత లక్షణం ఇదే, చలించే జ్యోతి అని. అది 1610 జనవరిలో చలించింది. గురుడి చుట్టూ నాలుగు చిన్న జ్యోతులు తిరగడం గెలీలియో దుర్భిణిలో చూశాడు. వాటిని ఆయన నక్షత్రాలన్నాడు, గ్రహాలనీ అన్నాడు. ఉపగ్రహం అనే విడి తరగతి అప్పటికి లేదు. మరుసటి ఏడాది కెప్లర్ వాటికి పెద్దమనిషి వెంట నడిచే అనుచరులన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. అయినా పాత అలవాటు వెంటనే పోలేదు. శని చుట్టూ తిరిగే టైటాన్‌ను 1655లో హైగెన్స్ కనిపెట్టాడు. తర్వాత కాసినీ మరో రెండింటిని కనిపెట్టి, శని చుట్టూ రెండు కొత్త గ్రహాలు దొరికాయనే ప్రకటించాడు. సూర్యుడు నడుమ ఉన్నాడన్న నిర్ణయం స్థిరపడ్డాక గ్రహ లక్షణం మారింది. సూర్యుడు జాబితాలోంచి తప్పుకున్నాడు, భూమి చేరింది, చంద్రుడు అనుచరుల వరుసలోకి జరిగాడు. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ ఆ వస్తువుల్లో మార్పు వల్ల జరగలేదు. అడిగే ప్రశ్న మారింది: 'చుక్కల మధ్య ఏది కదులుతుంది?' అన్నది పోయి 'ఏది దేని చుట్టూ తిరుగుతుంది?' అన్నది వచ్చింది.

కొత్త ప్రశ్నకూ చిక్కులు తప్పలేదు. 1801 జనవరి 1న పియాజీ కనిపెట్టిన సెరెస్ కొన్ని దశాబ్దాలు గ్రహంగా చెలామణి అయింది. అలాంటివి వరసగా బయటపడటంతో దాన్ని గ్రహశకలాల్లో చేర్చారు. 1930లో దొరికిన ప్లూటోకూ చివరికి అదే జరిగింది. అంతర్జాతీయ ఖగోళ సంఘం 2006 ఆగస్టు 24న ప్రాగ్ నగరంలో గ్రహానికి మూడు షరతులు పెట్టింది: సూర్యుడి చుట్టూ తిరగాలి, తన బరువుకు తానే గుండ్రబడి ఉండాలి, తన కక్ష్య పరిసరాలను ఊడ్చుకుని ఉండాలి. మూడో షరతు దగ్గర ప్లూటో తప్పింది. గ్రహాలు ఎనిమిదే మిగిలాయి. ఆ తీర్మానం ఉపగ్రహం అన్న పదాన్ని వాడింది గానీ దానికి లక్షణం చెప్పలేదు. శని వలయాల్లోని మంచురవ్వ కూడా శని చుట్టూనే తిరుగుతుంది. దాన్ని ఉపగ్రహమని ఎవరూ అనరు. ఎంత చిన్నదైతే ఉపగ్రహం కాకుండా పోతుందో తేల్చిన గీత లేదు. శనికి గుర్తించిన ఉపగ్రహాల సంఖ్య 2025లో 274కు చేరింది.

సామాన్యంగా మనసులో మెదిలే తేడా పరిమాణానిది: గ్రహం పెద్దది, ఉపగ్రహం చిన్నది. ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే జంటలో ఇది నిజమే. జంటను దాటి చూస్తే నిలబడదు. గురుడి ఉపగ్రహం గానిమీడ్ వ్యాసం 5,268 కిలోమీటర్లు, శని ఉపగ్రహం టైటాన్ వ్యాసం 5,150. గ్రహమైన బుధుడి వ్యాసం 4,879. గ్రహంగా 76 ఏళ్లు వెలిగిన ప్లూటోకంటే మన చంద్రుడితో సహా ఏడు ఉపగ్రహాలు పెద్దవి. పోనీ గుణాల్లో తేడా ఉందా? టైటాన్‌పై భూమికంటే దట్టమైన వాయుమండలం ఉంది. బుధుడికి ఉందనదగ్గ వాయుమండలం లేదు. అయోలో అగ్నిపర్వతాలు ఎగజిమ్ముతూనే ఉన్నాయి. యూరోపా మంచుపొర కింద ఉప్పునీటి సముద్రం ఉందని బలమైన ఆధారాలున్నాయి. భూవిజ్ఞానం తెలిసినవారికి ఈ లోకాలన్నీ గ్రహాల్లాంటి లోకాలే. అందుకే గుండ్రబడ్డ ప్రతి లోకాన్నీ, అది దేని చుట్టూ తిరిగినా, గ్రహమనే పిలవాలని కొందరు శాస్త్రజ్ఞులు ఇప్పటికీ వాదిస్తున్నారు. వాళ్ల లక్షణం ప్రకారం చంద్రుడు మళ్లీ గ్రహమే.

ఒక లక్షణం మంచిదా కాదా తేల్చడానికి తర్కశాస్త్రంలో పదునైన పనిముట్టు ఉంది. 17వ శతాబ్దానికి చెందిన తెలుగు పండితుడు అన్నంభట్టు తర్కసంగ్రహం రాసి, దానికి తానే దీపిక అనే వ్యాఖ్య చేశాడు. తర్కం నేర్చుకునేవారికి ఈనాటికీ అదే మొదటి పుస్తకం. లక్షణానికి మూడు దోషాలుంటాయని అక్కడ నేర్పుతారు. ఆవుకు లక్షణం చెప్పమంటే 'కపిలవర్ణం కలది' అంటే మిగతా రంగుల ఆవులు బయటపడతాయి, అది అవ్యాప్తి. 'కొమ్ములు కలది' అంటే గేదె కూడా లోపలికొస్తుంది; అది అతివ్యాప్తి. 'ఒంటి గిట్ట కలది' అంటే ఏ ఆవూ మిగలదు, అది అసంభవం. గంగడోలు కలది ఆవు అన్నప్పుడు మూడు దోషాలూ తప్పుతాయి.

గ్రహ లక్షణాలను ఈ మూడింటి ముందు నిలబెడితే వాటి బలాబలాలు తేటపడతాయి. 'సూర్యుడి చుట్టూ తిరిగేది గ్రహం' అంటే గ్రహశకలాలూ తోకచుక్కలూ వచ్చి పడతాయి, అతివ్యాప్తి. అదే లక్షణంలో అవ్యాప్తి కూడా ఉంది: వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాలు 1990ల నుంచి ఐదు వేలకు పైగా బయటపడ్డాయి, అవేవీ సూర్యుడి చుట్టూ తిరగవు. 'గుండ్రని లోకం గ్రహం' అంటే ఉపగ్రహాలు లోపలికొస్తాయి. వాటిని వేరుగా ఉంచాలనుకునేవారికి అది అతివ్యాప్తి, కలుపుకోవాలనుకునేవారికి దోషమే కాదు. ఇక చాలామంది మనసులో పైకి చెప్పకుండా ఉండే మూడో లక్షణం ఒకటుంది: 'ఎవరికీ లొంగకుండా తన దారిన తాను తిరిగేది గ్రహం, ఇంకొకరికి లొంగి తిరిగేది ఉపగ్రహం.' ఇది అసంభవం. భూమి సూర్యుడికి లొంగింది. సూర్యుడు పాలపుంత నడిబొడ్డు చుట్టూ తిరుగుతూ ఒక్క చుట్టుకు 22 నుంచి 25 కోట్ల ఏళ్లు తీసుకుంటాడు. ఎవరికీ లొంగని జ్యోతి ఆకాశంలో లేదు. చంద్రుణ్ణి ఉపగ్రహమనడంలో 'తక్కువవాడు' అన్న ధ్వని వినిపిస్తే, ఆ ధ్వని ఈ అసంభవ లక్షణం నుంచి వస్తోందని గుర్తించాలి.

న్యాయవైశేషికులు మరో అడుగు ముందుకు వేశారు. అనేక వస్తువుల్లో సమానంగా ఉండే ధర్మం రెండు రకాలు. వస్తువు ఉన్నంతకాలం దాన్ని విడవని సహజ ధర్మం జాతి: గోవులో గోత్వం, కుండలో ఘటత్వం. బయటి కారణం వల్ల తగిలేది ఉపాధి: ఒకడు వంటవాడు కావడం. ఏది జాతి కాజాలదో చెప్పడానికి ఉదయనుడు కిరణావళిలో ఆరు బాధకాలు చెప్పాడు. వాటిలో సంకరం ఒకటి. రెండు ధర్మాలు ఒకచోట కలిసి ఉండి, మరికొన్ని చోట్ల ఒకటి లేకుండా ఒకటి ఉంటే ఆ రెండూ జాతులు కాలేవు. గుండ్రబడి ఉండటం, ఉపగ్రహం కావడం అన్న రెండు ధర్మాలను చూడండి. బుధుడిలో మొదటిది ఉంది, రెండోది లేదు. కుజుడి చుట్టూ తిరిగే ఫోబోస్ ఇరవై రెండు కిలోమీటర్ల ఎగుడుదిగుడు బండ. దానిలో రెండోది ఉంది, మొదటిది లేదు. గానిమీడ్‌లో రెండూ ఉన్నాయి. ఇంతకంటే స్పష్టమైన సంకరం దొరకదు. రెండింటిలో ఏదైనా జాతి అయ్యే యోగ్యత ఉంటే అది గుండ్రదనానికే. అది వస్తువు సొంత బరువు నుంచి పుట్టింది. సంకరాన్ని దోషంగా ఒప్పుకోని నవ్యులూ ఉన్నారు. వారికి నెప్ట్యూన్ ఉపగ్రహం ట్రైటన్ చాలు. అది నెప్ట్యూన్ తిరిగే దిక్కుకు ఎదురు దిక్కున పరిభ్రమిస్తుంది. ప్లూటో వంటి లోకంగా సూర్యుడి చుట్టూ స్వయంగా తిరుగుతూ తర్వాత నెప్ట్యూన్ ఆకర్షణకు చిక్కిందని శాస్త్రజ్ఞుల నిర్ణయం. అదే రాయి, అదే మంచు. ఉపగ్రహత్వం మాత్రం నడిమధ్యలో వచ్చి తగిలింది. వస్తువు మారకుండానే వచ్చి చేరే ధర్మం జాతి కాదు. ఉపగ్రహత్వం ఉపాధి. ఈ వ్యాసం దృష్టిలో వివాదానికి కేంద్రం ఇదే: గ్రహానికీ ఉపగ్రహానికీ ఉన్న తేడా నిజమైనదే, కానీ అది సంబంధంలో ఉంది, వస్తువులో లేదు.

సంబంధాన్ని పట్టుకుని చూసినా గీత ఎప్పుడూ సాఫీగా ఉండదు. చంద్రుణ్ణి భూమి లాగే బలంకంటే సూర్యుడు లాగే బలం రెండింతలకు పైగా ఉంటుంది. సూర్యుడి వైపు నుంచి గీసి చూస్తే చంద్రుడి దారి ఎక్కడా మెలికలు పడదు, ఎప్పుడూ సూర్యుడి వైపే వంగి ఉంటుంది. కచ్చితంగా చెప్పాలంటే చంద్రుడు భూమి చుట్టూ కాదు, భూచంద్రుల ఉమ్మడి బరువుకేంద్రం చుట్టూ తిరుగుతాడు; భూమి కూడా అదే బిందువు చుట్టూ తిరుగుతుంది. భూమి చంద్రుడికంటే 81 రెట్లు బరువైంది కనుక ఆ బిందువు భూకేంద్రానికి సుమారు 4,670 కిలోమీటర్ల దూరంలో, భూమి లోపలే పడుతుంది. ప్లూటోకూ దాని తోడు కేరన్‌కూ ఆ బిందువు ప్లూటో బయట, ఇద్దరి మధ్య ఖాళీలో పడుతుంది. ఎవరు ఎవరి చుట్టూ తిరుగుతున్నారో చెప్పలేని జంట అది. 2006 తీర్మానానికి ముందు వచ్చిన చిత్తుప్రతి ఈ బిందువునే గీతగా తీసుకుని, బిందువు బయటపడితే చిన్నదాన్నీ గ్రహమనాలని ప్రతిపాదించింది. ఆ ప్రతి నెగ్గలేదు. నెగ్గి ఉంటే ఒక వింత జరిగేది. చంద్రుడు ఏటా 3.8 సెంటీమీటర్ల చొప్పున భూమికి దూరమవుతున్నాడు. దూరం పెరిగేకొద్దీ ఉమ్మడి కేంద్రం భూమి పైపొరవైపు జరుగుతుంది. ఇదే తీరు సాగితే వందల కోట్ల ఏళ్లకు ఆ బిందువు భూమి బయటికొచ్చిన రోజున చంద్రుడు గ్రహం అయ్యేవాడు.

గీతలకు లొంగని సంగతి అహోబిలం కథకు కొత్తకాదు. 14వ శతాబ్దంలో ఎఱ్ఱన నృసింహపురాణంగా తెనిగించిన కథ ఆ కొండలదే. హిరణ్యకశిపుడు కోరిన వరం నిజానికి విభాగాల పట్టిక: మనిషి వల్ల గానీ మృగం వల్ల గానీ, పగలు గానీ రాత్రి గానీ, ఇంట గానీ బయట గానీ చావు రాకూడదని. ప్రతి జతా లోకాన్నంతా రెండుగా పంచేసిందని అతడి ధీమా. ఉగ్రస్తంభం నుంచి వెలువడిన రూపం ఏ గడిలోనూ పట్టలేదు. వేళ సంధ్య, చోటు గడప. అసురుడి పొరపాటు విభాగాలు చేయడంలో లేదు. విభజన చేసేవాడి అవసరానికి గీసిన గీతలను సృష్టి తనకుతానే గీసుకున్న గీతలనుకోవడంలో ఉంది. ప్లూటో, కేరన్ జంట ఆకాశంలో అలాంటి గడప మీదే ఉంది. అంతమాత్రాన పగలూ రాత్రీ అన్న తేడా బూటకమైపోదు. సంధ్య ఉన్నంత మాత్రాన మధ్యాహ్నం అర్ధరాత్రి కాదు. భూమి గ్రహం, చంద్రుడు ఉపగ్రహం అన్నమాట ఈ రోజు ఈ ప్రశ్నకు సరైన జవాబే.

సంబంధం ఉపాధి మాత్రమే అన్న న్యాయవైశేషికుల మాట దగ్గర అహోబిల మఠం సంప్రదాయం ఆగదు. ఆదివణ్ శఠగోప యతి స్థాపించిన ఆ మఠం రామానుజుల విశిష్టాద్వైతాన్ని, వేదాంతదేశికుల మార్గంలో పాటిస్తుంది. ఆ దర్శనంలో జీవుడు శేషుడు, భగవంతుడు శేషి. ఇంకొకరి వైభవం కోసం ఉండటమే ఎవరి స్వరూపమో అతడు శేషుడు. ఇక్కడ సంబంధం పైనుంచి తగిలిన ధర్మం కాదు; అది తీసేస్తే జీవుడంటూ విడిగా ఏమీ మిగలడు. శరీరం ఆత్మను విడిచి శరీరంగా నిలవనట్టే చేతనాచేతనాలన్నీ ఈశ్వరుణ్ణి విడిచి నిలవవని రామానుజుల సిద్ధాంతం. ఆధారపడి ఉండటం అవమానమన్న భావన ఈ దర్శనంలో తలకిందులవుతుంది. తాను స్వతంత్రుణ్ణి అనుకోవడమే జీవుడి అజ్ఞానం. హిరణ్యకశిపుడి రోగం అదే. ప్రహ్లాదుడు శేషత్వాన్ని గుర్తించినవాడు, అందుకే అతడు చిన్నబోలేదు.

అయితే ఉపగ్రహం గ్రహానికి శేషమని చెప్పేస్తే సరిపోతుందా? సరిపోదు. పోలిక ఎంత ఆకర్షణీయమైనా దాని హద్దు తెలిసి ఉండాలి. శేషత్వం నిత్యం, ట్రైటన్‌కు నెప్ట్యూన్‌తో సంబంధం ఒకనాడు మొదలైంది. శేషి ఒక్కడే, ఆయనకు మరో శేషి లేడు. భూమికి సూర్యుడు, సూర్యుడికి పాలపుంత ఉన్నాయి. భూమి చంద్రుణ్ణి ఎంత బలంతో లాగుతుందో చంద్రుడు భూమిని అంతే బలంతో లాగుతాడు. సముద్రాల పోటుపాట్లే సాక్ష్యం. ఆకర్షణ ఇద్దరి మధ్య సమానం, తేడా బరువులోనే. కాబట్టి రామానుజ దర్శనం ఇక్కడ నేర్పేది ఖగోళం కాదు. గ్రహం, ఉపగ్రహం, నక్షత్రం అన్న మూడూ ఒకే తీరున పరాధీనాలని, వాటి మధ్య పెద్దరికపు పోటీకి అర్థం లేదని నేర్పుతుంది. నవనారసింహ క్షేత్రంలో సూర్యచంద్రులకు సమాన స్థాయిలో చెరొక సన్నిధి ఉండటం ఆ దృష్టికి సరిగ్గా అమరుతుంది. నంద్యాల నందుల్లో సూర్యుడూ చంద్రుడూ పక్కపక్క వరుసల్లో భక్తులుగా నిలవడం శైవుల వైపు నుంచి అదే మాట.

రెండు లెక్కలకూ రాజీ కుదర్చాలన్న ఆత్రంలో జరిగే తప్పులు రెండున్నాయి, రెండూ హానికరమే. నవగ్రహ మండపంలో సూర్యుడు నడుమ ఉంటాడు కనుక సూర్యకేంద్ర సిద్ధాంతం మనవారికి ముందే తెలుసనడం మొదటిది. ఆ మండపంలో చంద్రుడు ఆగ్నేయాన, కుజుడు దక్షిణాన, శని పడమర, తక్కినవారు తమతమ దిక్కుల్లో ఉంటారు. అది పూజకు ఏర్పరచిన దిక్కుల అమరిక, కక్ష్యల పటం కాదు. కక్ష్యల పటమే అయితే రాహుకేతువులకు అందులో చోటెక్కడిది? భూమి ఏమైంది? ఆర్యభటుడి నిజమైన ఘనత ఉండగా లేని ఘనత అంటగట్టడం ఆయనకు గౌరవం కాదు. చంద్రుణ్ణి గ్రహమన్నవాళ్లు అజ్ఞానులని కొట్టిపారేయడం రెండో తప్పు. వాళ్ల లక్షణానికి చంద్రుడు నూటికి నూరుపాళ్లు సరిపోయాడు. ఆ లక్షణంతోనే గ్రహణాలను లెక్కకట్టారు, తిథులు కట్టారు. ఈ రోజుకీ నంద్యాల ఇళ్లలో గోడకు వేలాడే పంచాంగం ఆ లెక్క మీదే నడుస్తోంది. ఇక ఒక లక్షణం నిర్దుష్టమైనంత మాత్రాన ఆ గ్రహం మనుషుల పెళ్లిళ్లనూ ఉద్యోగాలనూ శాసిస్తుందని రుజువు కాదు. అది వేరే ప్రతిజ్ఞ, దానికి వేరే హేతువు చూపాలి. లక్షణం మీద గెలిచి ఫలితం మీద కూడా గెలిచామనుకోవడం తర్కం ఒప్పుకోని దూకుడు.

భూమి నవగ్రహాల్లో లేకపోవడానికి కారణం కూడా లక్షణంలోనే ఉంది: చుక్కల మధ్య కదిలేదాన్ని చూడాలంటే చూసేవాడు నిలబడే చోటు ఒకటి కావాలి, భూమి ఆ చోటు. చోటు మారిస్తే జాబితా మారుతుంది. 2023 జూలై 14న శ్రీహరికోట నుంచి బయలుదేరిన చంద్రయాన్-3 ఆగస్టు 23న చంద్రుడి దక్షిణ ధ్రువ ప్రాంతానికి దగ్గరగా దిగింది. అక్కడ నిలబడి చూసేవాడికి భూమి ఆకాశంలో దాదాపు ఒకే చోట వేలాడుతున్నట్టుంటుంది. వెనుక చుక్కలు మాత్రం దాన్ని దాటి జరిగిపోతూ ఉంటాయి. చుక్కలతో పోల్చి లెక్కిస్తే భూమి 27 నక్షత్రాలనూ 27 రోజుల చిల్లరలో చుట్టివస్తుంది. మనకు పున్నమి అయిన రోజు అక్కడ భూమికి అమావాస్య. మనకు చంద్రగ్రహణం అయిన వేళ అక్కడ సూర్యగ్రహణం. సిద్ధాంతుల లక్షణాన్ని అక్షరం మార్చకుండా అక్కడికి తీసుకుపోతే చంద్రుడు జాబితాలోంచి తొలగి, అతడి స్థానంలో భూమి గ్రహమవుతుంది. తక్కిన ఆరు జ్యోతులూ ఉంటాయి. రాహుకేతువులూ ఉంటారు, అవే రెండు బిందువులుగా. భూమి నుంచి చూసినా చంద్రుడి నుంచి చూసినా ఆ రెండు తలాలు కోసుకునే గీత ఒక్కటే.